ఏ పచ్చ?

జూన్ 3

కొత్త స్టేప్లర్ వచ్చింది. దాంతోపాటు దాన్ని పొగడడానికి ఒక మనిషి కూడా వచ్చాడు. మెడకు టై, ముఖానికి నవ్వు, రెండూ ఎవరో గట్టిగా బిగించి పంపినట్టున్నాయి. మీటింగు హాల్లో స్పాంజి ముక్క ఒకటి టేబుల్ మీద పెట్టి, ఈ యంత్రం ఎంత తెలివైనదో చెప్పుకుంటూ పోయాడు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్లలో పేగును కోయాలన్నా, కలపాలన్నా లోపలికి దూర్చేది దీన్నే. పొడుగాటి గొట్టం, చివర మొసలి నోరు. ఆ నోటితో పేగును కరిచి పట్టుకుంటుంది. మీట నొక్కితే రెండు పక్కలా వరసగా పిన్నులు వేసి మధ్యలో కోసేస్తుంది. ఇదంతా పాతవీ చేసేవి. ఇది కొత్తగా చేసేదల్లా ఆలోచించడమట.

"పేగు మందం ఎంతుందో ఇది కనిపెడుతుంది మేడమ్," అన్నాడు టై. "మందంగా ఉంటే మోటారు తనే నెమ్మదిస్తుంది. కాసేపు అలా అదిమి పట్టుకుంటే పేగులో నీరు పక్కకు పోయి పల్చబడుతుంది కదా, అప్పటిదాకా ఆగమంటుంది. పిడి మీద దీపం చూడండి. ఆకుపచ్చ వెలిగితే మీట ఒక్కసారి నొక్కితే చాలు. పసుపు వెలిగితే మాత్రం ఆగాలి."

"ఆగకపోతే?"

నీళ్లు నమిలాడు. "ఆగాలి మేడమ్."

"నేనడిగింది అది కాదు. పసుపు వెలుగుతుండగా నొక్కితే ఏమవుతుంది?"

"ఒకసారి నొక్కితే కదలదు. వదిలి మళ్లీ నొక్కితే... ఇక డాక్టరుగారి ఇష్టం అని వదిలేస్తుంది."

అదీ సంగతి. అంత తెలివీ రెండో నొక్కుడు దగ్గర చేతులెత్తేస్తుంది. ప్రతిదానికీ ఆగు ఆగు అంటూ, గట్టిగా అడిగితే గొణుక్కుంటూ ఒప్పుకుంటుంది కాబట్టి దానికి అత్తగారు అని పేరు పెట్టాను. హాలంతా నవ్వింది. టై కూడా నవ్వాడు. నవ్వనివాడు నా అసిస్టెంటు ఒక్కడే, వాడు నోట్సు రాసుకుంటున్నాడు. చదివిన చదువంతా వాడి మొహం మీదే ఉంటుంది. వాణ్ని మేధావి అంటాను. అది మెచ్చుకోలని వాడి నమ్మకం.

జూన్ 5

ఇకమీదట పాత స్టేప్లర్లు తెప్పించరట. సూపరింటెండెంటు పిలిచి మరీ చెప్పాడు. కత్తి వదిలేసి చాలా కాలమైంది ఆయన, ఇప్పుడు కుర్చీ వదలకుండా కాలక్షేపం చేస్తున్నాడు. "కాలంతో పాటు మనమూ మారాలి కదండీ" అన్నాడు. ఈ మాట చెప్పడానికి ఒక గది, ఒక గుమాస్తా, ఒక ఏసీ కావాల్సి వచ్చాయి.

సరే, వాడతాను. అది గొప్పదని కాదు, దాని తప్పులు దగ్గరుండి పట్టుకోవడానికి.

జూన్ 8

వాడాను. ఏమంత గొప్పగా లేదు.

జూన్ 9

మళ్లీ వాడాను. పసుపు వెలిగింది. వదిలి మళ్లీ నొక్కాను. పిన్నులు ముత్యాల్లా పడ్డాయి. ఎవరి తెలివి ఎంతో తేలిపోయింది.

జూన్ 11

లోపల ఏం జరుగుతోందో చూడాలంటే నా కళ్లు ఎదురుగా ఉన్న తెర మీద ఉండాలి. దీపమేమో నా చేతి కింద, పిడి మీద ఉంటుంది. రెండూ ఒకేసారి చూడడం కుదరదు కాబట్టి దీపం రంగు పక్కనున్నవాళ్లు చూసి చెప్పాలి. ఆ పని మేధావికి ఇచ్చాను. ఇచ్చినందుకు లెంపలేసుకోవాలి.

"యెల్లో మేడమ్, ప్లీజ్ హోల్డ్," అన్నాడు, విమానంలో బెల్టు పెట్టుకోమని చెప్పే గొంతుతో.

"ఏ భాషరా అది? తెలుగులో ఏడువు," అన్నాను.

మరుసటి కేసులో బుద్ధిగా "పసుపుపచ్చ వర్ణం" అన్నాడు. సిస్టర్లు మాస్కుల వెనక నవ్వు ఆపుకోలేక చచ్చారు. నువ్వా మాట పూర్తిచేసేలోపు పేషెంటు లేచి ఇంటికి పోతాడు, ఒక్క ముక్కలో చెప్పమన్నాను. ఇకనుంచి నా ఆపరేషన్ థియేటర్లో పచ్చ అంటే వెయ్యొచ్చు, పసుపు అంటే ఆగాలి. ఇంగ్లీషు వద్దు, వర్ణాలు వద్దు. ఇంత చిన్న విషయానికి కూడా నేనే బుర్ర పెట్టాలి.

వాడు పసుపు అన్నాడు. వదిలి మళ్లీ నొక్కాను. ముత్యాలు.

జూన్ 17

నేను పెట్టిన పేరు థియేటరంతా పాకిపోయింది. ఇవాళ చేతులు కడుక్కుంటుంటే లోపలినుంచి వినపడింది: "అత్తగారు ఇవాళ పొద్దున్నే చిర్రుబుర్రులాడుతోంది." సంతోషం వేసింది. యంత్రం మీద నాకున్న అభిప్రాయమే అందరికీ ఉందన్నమాట.

జూన్ 18

"అత్తగారు కాఫీ తాగిందా? తాగాక అడుగుదాం సెలవు సంగతి."

స్టేప్లరు కాఫీ తాగదు.

సన్నాసులు.

జూన్ 20

ఈల వచ్చింది. మా ఆయన చెల్లెలు. ఈత నేర్పే మాస్టరమ్మ, మెడలో ఈల లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు, నీళ్లలో ఉన్నట్టే నేల మీదా అరుస్తుంది. తనకు ఈ పేరుందని ఆమెకు తెలియదు. వస్తూనే మా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలన్నీ తీసి చూసింది. పెళ్లయినప్పటినుంచీ చూస్తున్నాను, ఈ మనిషి నా ఇంట్లో మూత తీయని గిన్నె లేదు. నా పెళ్లినాడు "ఈ వదిన చేతులేంటి, పహిల్వాన్ చేతుల్లా ఉన్నాయి" అని పదిమందిలో అన్నది కూడా ఈవిడే.

ఈసారి మూతలు తీసి ఊరుకుంది. ఏమీ తినలేదు. ఆయన గదిలోంచి వెళ్లాక గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గగలదని నాకు ఇవాళే తెలిసింది.

"రక్తం పడుతోంది వదినా. మొలలనుకున్నా. చాన్నాళ్లయింది."

"చాన్నాళ్లంటే?"

"పోటీలకు పిల్లల్ని తయారు చేయాల్సి వచ్చింది. తీరిక ఎక్కడిది?"

తిట్టాను. మామూలుగా అయితే తిరిగి తిట్టేది.

జూన్ 22

గొట్టం వేసి చూశాను. పేగు చివర్లో, బాగా కిందకి. గడ్డ. ఏమిటో చూడగానే తెలిసింది. ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపడం పద్ధతి కాబట్టి పంపాను.

జూన్ 26

అదే.

జూన్ 27

ఆయనకు, ఈలకు కలిపి చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. గడ్డ ఉన్న భాగం కోసి తీసేయాలి, మిగిలిన రెండు కొసలూ కలపాలి. ఆ అతుకు నిలిస్తే మామూలు మనిషి. నిలవకపోతే లోపల చీము పడుతుంది, ప్రాణం మీదకి వస్తుంది, బతికితే పొట్ట మీద సంచి. మలం అందులోకి వస్తుంది.

"సంచి పెట్టుకుని నీళ్లలో ఎలా దిగను?" అంది ఈల. ప్రాణం మాట వదిలేసి సంచి మాట పట్టుకుంది.

"దిగుతారు. చాలామంది దిగుతారు. అతికించుకునే సంచులు వస్తున్నాయి."

"నా నడుం పట్టుకుని పిల్లలు వేలాడతారు వదినా. ఆ సంచి పట్టుకుని వేలాడతారా?" అని, నవ్వబోయి ఆగిపోయింది. "నువ్వే చెయ్యాలి. నా పొట్ట ఇంకొకళ్లకి ఇవ్వను. నీ నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది."

సొంతవాళ్లకు కత్తి పెట్టకూడదంటారు. భయమున్నవాళ్లు పెట్టుకున్న నియమాలవి. నాకామె సొంతమనిషి అని ఎవరన్నారు? ఆయన మాత్రం కాఫీ కప్పు పట్టుకుని నన్నే చూస్తూ కూర్చున్నాడు. చెల్లెల్ని నా చేతుల్లో పెట్టేసినట్టు ఆ చూపు. ఒళ్లు మండింది, ఎందుకో తెలియదు.

జూన్ 30

మేధావికి రెక్కలొచ్చాయి. ఇవాళ కేసు అయ్యాక, సిస్టర్లూ మత్తు డాక్టరూ అందరూ ఉండగా నోరు విప్పాడు.

"మేడమ్, ఒక మాట. పసుపు వెలిగినప్పుడు మీరు ఒక్కసారి కూడా ఆగలేదు."

"పిన్నులు సరిగ్గా పడలేదా?"

"పడ్డాయి. ఇప్పటిదాకా పడ్డాయి. ఎల్లుండి కేసు బాగా కిందకి ఉంది కదా, అక్కడ పేగు మందంగా ఉంటుంది. ఆ ఒక్క కేసుకైనా కాస్త..."

"నువ్వు పుట్టకముందునుంచి కోస్తున్నాను. ఒక దీపం వచ్చి నాకు ఆగడం నేర్పుతుందా? దాని తరఫున నీ వకాల్తానా?"

మొహం మాడ్చుకున్నాడు. ఎల్లుండి కేసులో వాడు నా టేబుల్ దగ్గర ఉండక్కర్లేదని చెప్పేశాను. బయట ఓపీ చూసుకోమన్నాను. దీపం చూసి రంగు చెప్పడానికి చదువులు అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

జూలై 2

అయింది. బాగా జరిగింది.

మేధావి బదులు పిల్లల వార్డునుంచి ఒక సిస్టర్ని పంపారు. కొత్త సిస్టర్ అంటున్నారు గానీ ఆవిడ వయసు నాకంటే పెద్ద తక్కువేం కాదు. ఎక్కడిదో యాస, ఎవరినీ తలెత్తి చూడదు. దీపం రంగు చూసి ఒక్క ముక్కలో చెప్పు అన్నాను. అంతకన్నా చెప్పడానికి ఏముంది? మొదటి కోత పైన, అక్కడ పేగు పల్చగానే ఉంది. ఆవిడ "ఆకురంగు" అంది. "థియేటరా, కూరగాయల బజారా?" అని మత్తు డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. నొక్కాను.

రెండోది కింద, గడ్డ దిగువన. ఇరుకు. మందం. స్టేప్లర్ నోరు పట్టడమే కష్టమైంది. మోటారు మూలిగింది. ఆవిడ "పచ్చ" అంది. నొక్కాను. కోసింది. కొసలు కలిపాను. ముగించాను. గడ్డ మొత్తం వచ్చేసింది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. మేధావి ఉండుంటే ఇంకా ఆగుదామనేవాడు.

బయట ఆయనకు బాగా జరిగిందని చెప్పాను. నా చేయి పట్టుకున్నాడు, అందరూ చూస్తుండగా. వదిలించుకున్నాను.

జూలై 3

ఈల లేచింది. "సంచి ఉందా?" ఇదే మొదటి మాట. లేదన్నాను. దుప్పటి కింద చేయి పెట్టి స్వయంగా తడిమి చూసుకుంది. నా మాట మీద నమ్మకం అంత.

జూలై 5

కొంచెం జ్వరం. ఆపరేషన్ అయ్యాక అందరికీ వచ్చేదే.

జూలై 6

జ్వరం పెద్దదేమీ కాదు. పొట్ట నొప్పి అంటోంది. ఈ మనిషి ప్రతిదాన్నీ పెద్దది చేసి చెబుతుంది, చిన్నప్పటినుంచీ అంతేనట. ఆయన అడిగితే అదే చెప్పాను.

జూలై 7

నాడి పరుగెడుతోంది. పొట్ట చెక్కలా అయింది. మళ్లీ తెరిచాను. మేధావిని పిలిపించాల్సి వచ్చింది, ఎవరైనా ఒక మనిషి కావాలి కదా.

అతుకు దగ్గర ఒక పక్కన పిన్నులు సగమే మూసుకున్నాయి. వంకరగా, నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అందులోంచి కారింది. కడిగాం. చాలాసేపు కడిగాం. పై పేగును పొట్ట మీదకి తెచ్చి సంచి పెట్టాం. కింద అతుకు మానితే కొన్ని నెలల తర్వాత సంచి తీసేయొచ్చు. మానకపోతే అంతే.

చేతి తొడుగులు తీసేస్తుంటే మేధావి కొత్త సిస్టర్ని అడిగాడు, నన్ను కాదు.

"ఆ రోజు కింద కోత కోసేటప్పుడు దీపం ఏ రంగుందమ్మా?"

"పచ్చ."

"ఏ పచ్చ?"

ఆవిడకి అర్థం కాలేదు. "పచ్చ అంటే పచ్చే. పసుపులాంటిది. మా ఇంట్లో దాన్నే పచ్చ అంటాం. ఇంకోదాన్ని ఆకురంగు అంటాం." తర్వాత నా మొహం చూసి భయపడింది. "పచ్చకామెర్లు అంటే పసుపే కదా మేడమ్?"

ఇక ఆగలేకపోయాను. అక్కడే, అందరి ముందు, నోటికొచ్చినట్టు తిట్టాను. రంగుల పేర్లు తెలియని మనిషిని థియేటర్లోకి ఎవరు పంపారు, నీ ఇంటి భాష ఇక్కడ ఎవడికి కావాలి, నీ నోటి వల్ల ఒక మనిషి చావబోయింది అన్నాను. ఆవిడ ఏడవలేదు. చేతులు కట్టుకుని నిలబడి మొత్తం విన్నది. అలా విన్నందుకు ఇంకాస్త తిట్టాను.

జూలై 8

పచ్చ అంది. పచ్చ అంటే ఆకుపచ్చ. నా థియేటర్లో పచ్చ అంటే ఆకుపచ్చ అని అందరికీ తెలుసు. పచ్చగడ్డి, పచ్చని చెట్టు, పచ్చటి పొలం. పచ్చ అన్నాక నొక్కకపోతే అది నా తప్పు. నొక్కాను కాబట్టి నాది కాదు.

ఈల ఇంకా ఐసీయూలోనే. కళ్లు తెరిచింది. దుప్పటి కింద చేయి పెట్టింది. నేను కిటికీ వైపు చూశాను.

జూలై 9

ఆయన: "ఆ సిస్టర్ వల్లేనట కదా?"

నేను: "ఊ."

జూలై 11

సూపరింటెండెంటు గదిలో విచారణ. కుర్చీలో ఆయన, నర్సుల పెద్దామె, మత్తు డాక్టరు, మేధావి, నేను. కొత్త సిస్టర్ని నిలబెట్టి అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకే మాటకు రెండు రంగులుండడం సూపరింటెండెంటుకు ఎంత నచ్చిందో చెప్పలేను. నోరూరినవాడిలా కుర్చీలో ముందుకు జరిగాడు. యంత్రం తప్పు కాదు, ఆసుపత్రి తప్పు కాదు, పేరున్న సర్జన్ తప్పసలే కాదు. ఒక మాట తప్పు, ఆ మాట అన్న మనిషి తప్పు. ఇంతకన్నా చవగ్గా ఎవరికి దొరుకుతుంది?

"ఇక రంగులన్నీ ఇంగ్లీషులోనే చెప్పండి" అన్నాడు. ఆవిడది టెంపరరీ ఉద్యోగం. పొడిగించరట.

వెళ్లబోతూ ఆవిడ తలుపు దగ్గర ఆగింది. "మేడమ్ తప్పేమీ లేదు సార్. మేడమ్ ఎంత జాగ్రత్తగా చేశారో నేను చూశాను. మీట ఒకసారి నొక్కి, వదిలి, మళ్లీ గట్టిగా నొక్కారు. ఊరికే హడావిడిగా చేసెయ్యలేదు."

సూపరింటెండెంటు గంగిరెద్దులా తలూపాడు. ఆయనకు అర్థం కాలేదు. మత్తు డాక్టరుకూ అర్థం కాలేదు. మేధావి నన్ను చూశాడు.

బయట వరండాలో వాణ్ని పట్టుకున్నాను. "ఏమిటి చూశావు?"

"ఏం లేదు మేడమ్."

"చెప్పదలుచుకుంటే లోపలే చెప్పాల్సింది."

"ఏం లేదు మేడమ్," అని వెళ్లిపోయాడు. పిరికిపంద. పోయిన నెల అందరి ముందు నోరు విప్పినవాడు వీడేనా? రెండేళ్లు నా దగ్గర పనిచేశాక ఇలాగే తయారవుతారు కాబోలు.

జూలై 12

పచ్చ అంది. నొక్కాను.

జూలై 13

రెండుసార్లు.

ఆకుపచ్చ అయితే ఒక్కసారికే వెళ్లేది. ఒకసారి నొక్కాను, కదల్లేదు. అప్పుడే తెలిసింది. అంతకుముందే, మోటారు మూలిగినప్పుడే తెలిసింది. అదీ కాక, మొదటి కోతకు ఆకురంగు అన్న మనిషి రెండోదానికి పచ్చ అంటే అది వేరే రంగు కాక ఏమిటి? దాని మీద నవ్వాను కూడా. నాకు తెలుగు బాగానే వచ్చు.

వదిలి మళ్లీ నొక్కాను. ఎందుకంటే ఎప్పుడూ అలాగే నొక్కుతాను కాబట్టి. ఎందుకంటే మేధావి ఆగమన్నాడు కాబట్టి. సొంతమనిషి పొట్టలో చేయి పెట్టి, బయట ఓపీలో కూర్చున్న ఒక కుర్రాడి మీద పంతం తీర్చుకున్నాను.

ఇది రాశాక చదువుకున్నాను. రాసింది ఎవరో మంచి మనిషిలా ఉంది. మంచి మనిషి అయితే మొన్న ఆ గదిలోనే చెప్పేది. డైరీలో చెప్పడానికి ఏ దమ్ములూ అక్కర్లేదు.

జూలై 14

ఈలను వార్డులోకి మార్చారు. సన్నబడింది. గొంతు మాత్రం తిరిగొచ్చింది. నేను వెళ్లేసరికి ఆయనను కూర్చోబెట్టి కేకలేస్తోంది.

"ఆ సిస్టర్ని పిలిపించు వదినా. పచ్చకీ పసుపుకీ తేడా తెలియదా ఆవిడకి? నా మొహం చూసి చెప్పమను, సంచి పెట్టుకుని నేనెలా బతకాలో!"

"ఆవిణ్ని ఏమీ అనకు."

"ఎందుకనకూడదు? నువ్వు తిట్టావటగా, నేను తిట్టకూడదా?"

ఆయన్ని కాఫీ తెమ్మని పంపాను. తలుపు వేశాను. ఈ స్టేప్లర్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. ఆకుపచ్చకు ఒక్క నొక్కుడు, పసుపుకు రెండు. నేను రెండు నొక్కానని చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను, అరిస్తే ఎదురు అరవడం నాకొచ్చు.

అరవలేదు.

"తెలిసే నొక్కావా?"

"తెలిసే."

"నేనని కూడా తెలుసు."

"తెలుసు."

ఏదో అనాలి కాబట్టి క్షమించు అన్నాను. ఆ మాట నా నోట్లో ఎవరి పళ్ల సెట్టో పెట్టుకున్నట్టు అనిపించింది. ఆమె దాన్ని పట్టించుకోకుండా అడిగింది.

"ఈ సంచి తీసే ఆపరేషన్ ఎవరు చేస్తారు?"

"నువ్వు ఎవరినంటే వాళ్లు."

"ఆ కుర్ర డాక్టర్ని చెయ్యమను. నువ్వు లోపలికి కూడా రాకు." తర్వాత కాస్త ఊపిరి తీసుకుని, "నాకొక్కదానికి చెప్పి చేతులు దులుపుకోకు వదినా. ఆవిడ ఉద్యోగం పోయిందట కదా. అక్కడ చెప్పు. అన్నయ్యకి నేను చెప్తాను, నువ్వు చెప్తే సగమే చెప్తావు."

నీళ్లిమ్మంది. ఇచ్చాను. దుప్పటి మీద కాస్త ఒలికింది. తడిసినచోట తువ్వాలు పరిచాను.

జూలై 15

ఆయన నాతో మాట్లాడలేదు.

జూలై 16

సూపరింటెండెంటు గదికి వెళ్లాను. నర్సుల పెద్దామెనూ, మేధావినీ, కొత్త సిస్టర్నీ పిలిపించమన్నాను. ఆవిడకి ఇవాళే ఆఖరు రోజట, బ్యాగు చేతిలో పట్టుకునే వచ్చింది.

చెప్పాను. ఆయన మధ్యలోనే చేయి ఊపాడు.

"మేడమ్, మేడమ్. ఇప్పుడెందుకండీ ఇదంతా? సర్దుకుపోయింది కదా. పేషెంటు మీ సొంతవాళ్లే, కేసు వెయ్యరు. మీరు బాగా అలిసిపోయారు. పచ్చ అన్నారు, మీరు పచ్చ అనుకున్నారు. ఎవరికైనా జరుగుతుంది."

ఎంత ప్రేమ! మునిగిపోతున్నవాడు ఒడ్డునున్నవాణ్ని కాపాడబోయినట్టు నన్ను కాపాడుతున్నాడు. ఈ ప్రేమనే ఇన్నేళ్లూ గౌరవం అనుకున్నాను.

"నేను అనుకోలేదు," అన్నాను. "పసుపని తెలుసు. ఒకసారి నొక్కితే వెళ్లలేదు, మళ్లీ నొక్కాను. ఆవిడ ఏ పచ్చ అన్నా నేను నొక్కేదాన్నే. నోరు మూసుకుని నిలబడ్డా నొక్కేదాన్ని. కావాలంటే ఇతన్ని అడగండి, అంతకుముందు ప్రతి కేసులోనూ చూశాడు."

మేధావి తల దించుకునే "అవును సార్" అన్నాడు. మొదట వినపడలేదు. మళ్లీ అన్నాడు, ఈసారి గట్టిగా.

తర్వాతంతా ఆసుపత్రి మాటలు. నన్ను థియేటరు నుంచి పక్కన పెడతారట, పైవాళ్లకు చెప్పాలట, ఎంతకాలమో తెలియదట. సిస్టర్ ఉద్యోగం సంగతి మళ్లీ చూస్తామన్నారు. చూస్తామంటే కాదు, ఇవాళే చూడండి అని కూర్చున్నాను. ఆయన చివరికి ఫోను అందుకుని, ఆవిడ పేరు తెలియక పెద్దామెను అడిగి, గుమాస్తాకు చెప్పాడు.

వరండాలో ఆవిడ నా వెనకే వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందనుకుని నడక వేగం పెంచాను. అలాంటివి భరించలేను.

"మేడమ్."

ఆగాను.

"మీకు ముందునుంచీ తెలుసు కదా. మరి ఆ రోజు అందరి ముందు నన్నెందుకు తిట్టారు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. బ్యాగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, జవాబు కోసం నిలబడింది. తిట్టడానికి నాకెప్పుడూ మాటలు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఇవాళ ఆవిడ ముందు నిలబడి వెతుక్కున్నాను. ఆవిడ ఇంకాసేపు చూసి, బ్యాగు భుజానికి తగిలించుకుని పిల్లల వార్డువైపు వెళ్లింది.